తాళం లేని తలుపు వెనక త్రేసియా

ఒల్లూరు లిస్సీ ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే, ఆమె నోరు తెరిచేలోపే మొగుడు జోస్ అందుకుంటాడు: "మా ఆవిడ రోజంతా మతిమరుపు నటిస్తుంది. దానికి జీతమిస్తారు."

జోస్‌ది బేకరీ. బన్ను చేస్తే కంటికి కనబడుతుంది, కొరికితే పంటికి తగులుతుంది. లేని మనుషుల్ని పుట్టించి, వాళ్లచేత తప్పుడు పాస్‌వర్డులు కొట్టించి, తలుపు తెరుచుకోకపోతే సంతోషించడం కూడా ఒక ఉద్యోగమేనంటే అతనికి ఇప్పటికీ నమ్మకం కుదరలేదు.

అలాగని అతను చెప్పేది అబద్ధమూ కాదు. లిస్సీ ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపింది. ఆ చుట్టుపక్కల టైపు నేర్చిన ఆడపిల్లల వేళ్లన్నీ ఆమె స్కేలు దెబ్బలు రుచి చూసినవే. మిషన్లు పాత ఇనుములోకి పోయాక కొన్నాళ్లు బేకరీలో కూర్చుని, అద్దాల బీరువాల మీద జోస్ రాసిన తినుబండారాల పేర్లలో అక్షరదోషాలు దిద్దింది. అలా దిద్దుతుండగానే ఒకరోజు పాత శిష్యుడొకడు కేకు కొనడానికొచ్చి, "టీచర్, మా ఆఫీసులో పిల్లలు ప్రోగ్రాములు రాస్తున్నారు. తప్పులు పట్టే మనిషి కావాలి. మీలా తప్పులు పట్టేవాళ్లు నాకు ఈ జన్మలో తగల్లేదు" అన్నాడు. జోస్ కేకు కట్టడం ఆపి, "తీసుకెళ్లు బాబూ, పుణ్యముంటుంది" అన్నాడు.

త్రిశ్శూర్‌లో పెద్దగుడి చుట్టూ తిరిగే రౌండ్ రోడ్డు దాటి నాలుగడుగులు వేస్తే, ఆయుర్వేద మందుల కొట్టు పైన ఆ ఆఫీసు. కషాయాల వాసన మెట్లెక్కి వచ్చి కంప్యూటర్ల మధ్య తిష్ఠ వేసుకుని ఉంటుంది. అక్కడ లిస్సీ పొద్దున్న ఒక మనిషి, మధ్యాహ్నం ఇంకో మనిషి. పొద్దున్న తొందరమనిషి అయిపోయి ఒకే బటన్‌ను టకటకా కొడుతుంది. అన్నం తిన్నాక కళ్లజోడు తీసేసి, చూపు ఆనని పెద్దావిడలా స్క్రీన్ మీదకి ముక్కు ఆనించి తడుముకుంటుంది. టీ వేళకి ఇరుగుపొరుగు గుట్లు లాగే మనిషి అవతారమెత్తి, తనది కాని పేజీలోకి తొంగి చూస్తుంది. తొంగి చూడనిచ్చిందా, ప్రోగ్రామ్ రాసిన కుర్రాడికి ఆ రోజు మూడినట్టే.

ఆ వానాకాలంలో వాళ్లకొక గ్రంథాలయం పని వచ్చింది. రైలు పట్టాలకి అవతలి పేటలో గ్రామోదయం అని పాత గ్రంథాలయం ఉంది. సభ్యులు ఇంట్లోంచే పుస్తకాల జాబితా చూసుకోవాలి, చదివిన పుస్తకం గురించి రెండు ముక్కలు రాసుకోవాలి, ఒకరు రాసినదానికి ఇంకొకరు జవాబివ్వాలి. అదీ వాళ్లు అడిగింది. రాసేది జిష్ణు అనే కుర్రాడు, పరీక్షించేది లిస్సీ.

ఇల్లు కడుతున్నప్పుడు గుమ్మానికి మొదటిరోజే తాళం బిగించరు కదా. ముందు తడిక అడ్డంపెట్టి, లోపల గదులెలా ఉన్నాయో చూసుకుంటారు. అలాగే జిష్ణు కూడా ఒక దొంగ లాగిన్ పెట్టాడు. అది సభ్యత్వం నెంబరు అడుగుతుంది, పాస్‌వర్డ్ అడుగుతుంది. మీరేం కొట్టినా లోపలికి పంపిస్తుంది. ఏమీ కొట్టకపోయినా పంపిస్తుంది. లోపలికి వెళ్లినవాళ్లందరూ దాని లెక్కలో ఒకే మనిషి, త్రేసియా. పేరు పెట్టింది లిస్సీయే. చెవులకి పెద్ద పెద్ద రింగులున్న ఒక పెద్దావిడ బొమ్మను గుండ్రంగా కత్తిరించి ఆ పేరు పక్కన అతికించింది కూడా ఆమే.

"చేచీ, కొట్టగానే తెరుచుకుంటోంది. చాలా?" అని అడిగాడు జిష్ణు. లిస్సీకన్నా చిన్నవాళ్లందరికీ ఆమె చేచీయే, అక్కే.

"చాలదు. అంత తొందరగా తెరుచుకుంటే ఎవరు నమ్ముతారు? కాసేపు చక్రం తిరగాలి."

"లోపల వెతకడానికి ఏముందని తిరగాలి?"

"ఏమీ లేకపోయినా వెతుకుతున్నట్టు ఉండాలి. నువ్వెప్పుడూ పనిమీద ఏ ఆఫీసుకీ వెళ్లలేదా ఏంటి?"

చక్రం తిరిగింది. ఆ చక్రమే తర్వాత కొంప ముంచింది.

పుస్తకాల కింద పాఠకుల మాటలు ఎలా కనబడతాయో చూడాలంటే ముందు ఎవరో ఒకరు రాయాలి. మామూలుగా ఇలాంటిచోట అర్థంపర్థం లేని అక్షరాలు గిలికి పారేస్తారు. వేళ్ల మీద స్కేలుతో కొట్టి బతికిన మనిషికి అది ఎలా ఒప్పుతుంది? ఆమె నిజంగానే రాసింది. చిన్నప్పటినుంచి చదివిన పుస్తకాలు కడుపులో కదులుతూనే ఉన్నాయేమో, త్రేసియా పేరు మీద ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. ఒక వంటల పుస్తకం కింద ఇలా రాసింది: "ఇందులో చూసి చేపలకూర వండాను. మా ఇంట్లోవాళ్లు పుస్తకాన్ని క్షమించారు, నన్నే ఇంకా క్షమించలేదు." లావుపాటి నవలొకటి రెండు సంపుటాలుగా ఉంటే దాని కింద: "మొదటిది చదివాను. రెండోది మా పిల్లికి తలగడగా సరిపోయింది."

మర్నాడు చూస్తే ఆ పిల్లి ముక్క కింద ఒక జవాబు వేలాడుతోంది. అదీ త్రేసియా పేరుతోనే ఉంది. "రెండో సంపుటం చదవకుండా తీర్పు చెప్పడం న్యాయమా? అసలు కథ అక్కడే మొదలవుతుంది."

లిస్సీ పక్కకి తిరిగి చూసింది. జిష్ణు చెవుల్లో పాటలు పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు అరటిపండు బజ్జీ నములుతున్నాడు. 'ఓహో, నాతోనే ఆటలా' అనుకుంది. వేళ్లు దురద పెట్టాయి. "అసలు కథ మొదలవడానికి ఆరొందల పేజీలా? ఇలాంటివి ఏరికోరి కొనే ముసలాయనెవరో గానీ, ముందు ఆయన కళ్లజోడు మార్పించాలి" అని కొట్టింది.

ఇక ఆట సాగింది. రోజూ పొద్దున్నే ఒక కొత్త ముక్క కనబడేది. కొన్ని మర్యాదగా, శ్లోకం చదివినట్టుండేవి. కొన్ని పెడసరంగా ఉండేవి. ఒక నవల కింద ఇలా ఉంది: "ఇందులో ఏనుగు సాయంత్రానికల్లా కొత్త మావటి మాట వినేసింది. ఈ రాసినాయన ఏనుగును బొమ్మల్లో చూసి ఉంటాడు. ఏనుగు ఒక మనిషిని ఒప్పుకోవాలంటే నెలలు పడుతుంది." దాని కిందే ఇంకొకటి: "మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను." అంతా త్రేసియాయే. త్రేసియా రాసినదానికి త్రేసియా జవాబు. కుర్రవాడికి బుర్ర బాగానే ఉంది, మర్యాదస్థుణ్ణీ పెంకివాణ్ణీ ఇద్దర్నీ వాడే ఆడుతున్నాడు అని లిస్సీ లోలోపల మెచ్చుకుంది. పైకి మాత్రం అనలేదు. పొగిడితే వీడు పని మానేస్తాడు.

వాన కాస్త తెరిపిచ్చిన రోజున ఆఫీసు పెద్ద ఒక కాగితం ఊపుకుంటూ వచ్చాడు. "టీచర్, చూశారా! గ్రామోదయం వాళ్ల వార్షికోత్సవానికి మనల్నందర్నీ పిలిచారు. మన ప్రోగ్రామ్ అంటే వాళ్లకి ప్రాణం. చూసి చెప్పండని అప్పుడే ఇచ్చేశాను కదా, రోజూ వాడుతున్నారట."

"అప్పుడే ఇచ్చేశారా?" అంది లిస్సీ. "దొంగ తలుపుతోనే?"

"గదులు చూస్తారని ఇచ్చాను. తాళం తర్వాత కదా!"

లిస్సీ కాగితం అందుకుంది. ప్రార్థన, స్వాగతం, ఉపన్యాసం. ఆ కిందే లావు అక్షరాల్లో: ఉత్తమ పాఠకురాలు శ్రీమతి త్రేసియాకు శాలువాతో సత్కారం.

ఆమె మెల్లిగా జిష్ణు వైపు తిరిగింది. "బాబూ, ఆ ఏనుగు ముక్క నువ్వే కదా రాశావు?"

"ఏ ఏనుగు, చేచీ?"

"పిల్లి తలగడ కింద జవాబో?"

"నేను పుస్తకాలు చదవడం మీరెప్పుడైనా చూశారా?"

చూడలేదు. ఆ జవాబులు రాసింది గ్రంథాలయం వాళ్లేనని అప్పుడే తట్టింది లిస్సీకి. తాను కళ్లజోడు మార్పించాలన్న ముసలాయన ఎవరో కూడా తట్టింది. కింద మందుల కొట్టులో ఏదో కషాయం పొంగినట్టుంది, వాసన గుప్పున వచ్చింది.

గ్రామోదయానికి అధ్యక్షుడు, పుస్తకాలు ఏరికోరి కొనేది పొదువాల్ మాష్. అక్కడ పంతులన్న ప్రతివాడూ మాషే. ఈయన మాత్రం బడి మానేసి ఎంతకాలమైనా మాషే. కంప్యూటర్ తెద్దామన్నది ఆయన. వద్దన్నది ఉపాధ్యక్షుడు పౌలోస్, ఇనుప సామాన్ల వ్యాపారి. ఆ సంఘంలో ఒకాయన ఔనంటే ఇంకొకాయన కాదనడం రివాజు. ఫ్యాను ఏ అంకె మీద తిరగాలన్న దగ్గర కూడా వాళ్లకి ఏకాభిప్రాయం కుదరదని పేటంతా చెప్పుకుంటుంది.

సాయంత్రం లిస్సీ బేకరీ నుంచి ఒక ప్లమ్ కేకు పొట్లం కట్టించుకుని మాష్ ఇంటికి వెళ్లింది. జోస్ అడిగాడు: "తప్పు మీ ఆఫీసుది, కేకు నాదా?" ఆమె పొట్లం చంకన పెట్టుకుని మెట్లు దిగింది. అంతేనని అతనికి అర్థమైంది.

మాష్ వరండాలో పాలు లేని టీ తాగుతూ కూర్చున్నాడు. మెరిసే కొత్త కళ్లజోడు పెట్టుకున్నాడు. దాన్ని చూడగానే లిస్సీ కాళ్లు మెట్టు మీదే ఆగిపోయాయి.

"రామ్మా, రా. కంప్యూటరమ్మాయివి కదూ? కూర్చో. ఈ కళ్లజోడు చూశావా? త్రేసియాగారు పెట్టించారు. మార్పించుకోమని నిర్మొహమాటంగా రాశారు. వెళ్లి చూపించుకుంటే నిజంగానే పవర్ పెరిగింది! మా ఇంట్లో ఇందరున్నారు, ఒక్కరికైనా తట్టిందా?"

లిస్సీ కేకు పొట్లం ఆయన ముందు పెట్టి, కళ్లు దించుకుని, మొదలుపెట్టింది. తలుపుకి తాళం లేదని చెప్పింది. ఏం కొట్టినా తెరుచుకుంటుందని చెప్పింది. త్రేసియా అనే మనిషి లేదని, ఆ బొమ్మ కత్తిరించింది తానేనని చెప్పింది. కళ్లజోడు ముక్క రాసింది కూడా తానేనని అన్నిటికన్నా ఆఖర్న, గొంతు తగ్గించి చెప్పింది.

మాష్ టీ ఒక గుక్క తాగాడు. చూరులోంచి చినుకులు పడుతున్నాయి.

"నా సభ్యత్వం నెంబరు కొట్టాను. పాస్‌వర్డ్ కొట్టాను" అన్నాడు. "చక్రం తిరిగింది. నన్ను వెతుకుతోందనుకున్నాను. ఎంతసేపు వెతికి గుర్తుపట్టిందో అని సంబరపడ్డాను."

"ఆ చక్రం నేనే తిప్పించాను మాష్."

"పైన ఆవిడ బొమ్మ ఉంటే, ఇది ఆవిడ అరుగు కాబోలు, మనం వచ్చి కూర్చుని మాట్లాడుతున్నాం కాబోలు అనుకున్నాను." కళ్లజోడు తీసి పంచె కొసతో తుడిచాడు. "అది సరేనమ్మా. ఇప్పుడు నా గతేంటి? పౌలోస్ సంఘంలో ఏమన్నాడో తెలుసా? 'ముఖం చూడని మనిషికి శాలువా ఏంటి మాష్, దయ్యంతో స్నేహమా?' అన్నాడు. నేను బల్ల గుద్ది చెప్పాను. కాగితాలు అచ్చయ్యాయి. రేపు సభలో ఆవిడ రాకపోతే, నేను పోయేదాకా ఈ పేటలో నన్ను దయ్యంమాష్ అనే పిలుస్తారు. పోయాక కూడా అదే పేరు మిగులుతుంది."

"నేనే వచ్చి త్రేసియానని నిలబడనా?" అంది లిస్సీ.

"ఒక అబద్ధానికి ఇంకో అబద్ధాన్ని కాపలా పెడతావా? టైపు టీచరువేనా నువ్వు?"

ఆమె సిగ్గుపడి కేకు కోసింది. ఆయన ఒక ముక్క తిన్నాడు. బాగుందన్నట్టు తలూపాడు. తర్వాత ఇద్దరూ కలిసి ఆమె ఫోన్లో ఆ రాతలన్నీ మొదటినుంచి చూడసాగారు. వంటల పుస్తకం లిస్సీది. "తీర్పు చెప్పడం న్యాయమా" మాష్‌ది. పేజీ జరుపుతూ ఏనుగు దగ్గరికి వచ్చారు.

"ఇది నువ్వు చక్కగా రాశావమ్మా" అన్నాడు మాష్. "ఆడవాళ్లలో ఏనుగుల సంగతి ఇంత తెలిసినవాళ్లున్నారా అని ఆశ్చర్యపోయాను. అందుకే ఏకీభవిస్తున్నానని రాశాను."

"ఇది నాది కాదు మాష్. నేను ఏనుగు కనబడితే సందు మార్చే రకం. మీదే అనుకున్నాను."

"నాదా? నేను రాయలేదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లిస్సీ గబగబా కిందికి జరిపింది. ఒక కవితల పుస్తకం కింద: "ఏనుగును మబ్బుతో పోల్చాడు. మబ్బుకి దంతాలుంటాయా?" పిల్లల కథల కింద: "అట్ట మీద ఏనుగు బొమ్మకి పాదాలకి గోళ్లు తక్కువ వేశారు." ఆఖరికి చేనేత గురించిన పుస్తకం కింద కూడా: "పండగ ఏనుగుకి కట్టే పట్టుగుడ్డ గురించి ఒక్క ముక్క లేదు, ఇదేం పుస్తకం?"

మాష్ ఒక్కసారిగా ఊగిపోతూ నవ్వాడు. టీ పొలమారింది. లిస్సీ ఆయన వీపు తట్టాల్సి వచ్చింది.

"ఈ పేటలో చేనేతలో కూడా ఏనుగును వెతికే మనిషి ఒక్కడే ఉన్నాడమ్మా" అన్నాడు దగ్గుతూనే. "వాడింట్లో సొంత బిడ్డల ఫోటోలు ఒక గోడకి, ఏనుగుల ఫోటోలు మూడు గోడలకి ఉంటాయి. వాడే కంప్యూటరొద్దని గోల చేసింది!"

సభ రోజున జనం బాగానే వచ్చారు. ఉన్నియప్పాలు, అంటే బెల్లం బూరెలు, పంచుతారని తెలిసినా, తెలియనట్టే వచ్చారు. వేదిక మీద శాలువా మడిచి పళ్లెంలో పెట్టి ఉంది. లిస్సీ రెండో వరసలో కూర్చుని చేతిరుమాలు పిండుతోంది. పక్కన జోస్ చెవిలో, "కొడతారంటావా? కేకు ఇంకోటి తెచ్చి ఉండాల్సింది" అన్నాడు.

ఉపన్యాసాలయ్యాయి. మాష్ మైకు దగ్గరికి లేచాడు. ఆయన నోరు తెరవకముందే వేదిక మీద తన కుర్చీలోంచి పౌలోస్ గొంతు వినబడింది, మైకు అక్కర్లేని గొంతు: "ఏదీ మాష్ మీ త్రేసియా? పల్లకీలో వస్తోందా, పొగలా వస్తోందా?"

సభంతా గొల్లున నవ్వింది. మాష్ కూడా నవ్వాడు.

"త్రేసియా లేదు" అన్నాడు. "ఆ తలుపుకి తాళం లేదు. వెళ్లిన ప్రతివాడూ త్రేసియాయే. నేనూ రోజూ పొద్దున్నే త్రేసియానే. నా పాస్‌వర్డ్‌ను అది గుర్తుపట్టిందని మా ఇంట్లో గొప్పలు కూడా చెప్పుకున్నాను. ఇప్పుడు నవ్వండి, మొహమాటపడకండి."

నవ్వారు. కానీ అది లిస్సీ భయపడిన నవ్వు కాదు. తన మీద తానే ముందు నవ్వుకున్న మనిషి మీద ఇంకొకళ్లు నవ్వడానికి మిగిలేదేముంటుంది?

"కానీ ఆ అరుగు మీద నాతోపాటు ఇంకెవరో కూర్చున్నారు. రాసినవాటిలో అన్నిటికన్నా నాకు నచ్చింది ఇది. రాసినవాళ్లు సభలోనే ఉంటే వచ్చి శాలువా తీసుకోవచ్చు" అంటూ కొత్త కళ్లజోడు సవరించుకుని చదివాడు: "ఏనుగు ఒక మనిషిని ఒప్పుకోవాలంటే నెలలు పడుతుంది..."

వాక్యం పూర్తికాకముందే వెనక వరసలోంచి, పౌలోస్‌ని అన్నా అని పిలిచేవాడెవడో అరిచాడు: "పౌలోసేట్టా, మీదే!" మబ్బుకి దంతాల ముక్క దాకా వెళ్లేసరికి సగం సభ అటే చూస్తోంది. పౌలోస్ మాత్రం పైన ఫ్యాను ఏ అంకె మీద తిరుగుతోందో చూస్తున్నాడు.

"మనవరాలి ఫోన్లో ఊరికే చూశాను" అన్నాడు ఆఖరికి, ఎవరితోనూ కానట్టు. "తలుపు తీసుంది. వెళ్లాను. గోళ్లు తప్పు వేస్తే చూస్తూ ఊరుకోమంటారా?"

"ఊరుకోవద్దు. రా" అన్నాడు మాష్.

పౌలోస్ లేచాడు. శాలువా కప్పించుకునేటప్పుడు తల వంచి మాష్‌తో మెల్లిగా ఏదో అన్నాడు. మైకు దగ్గరే ఉంది కాబట్టి అందరికీ వినబడింది: "పూర్తిగా ఏకీభవిస్తున్నానని రాసింది నువ్వా? ఇన్నేళ్లలో నువ్వు నాతో ఏకీభవించడం అదే మొదలు కదరా. త్రేసియా చాలా మంచి మనిషి అనుకున్నాను."

"నేనూ అదే అనుకున్నాను" అన్నాడు మాష్.

జోస్ అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఉన్నియప్పాల పళ్లెం వాళ్ల వరసకి వచ్చేసరికి లిస్సీ రుమాలు వదిలేసి రెండు తీసుకుంది.

తర్వాతి వారం జిష్ణు అసలు తాళం బిగించాడు. లిస్సీ గ్రామోదయంలో సభ్యత్వం తీసుకుంది. ఇన్నాళ్లూ పట్టాలు దాటి రావడానికి బద్ధకించి తీసుకోలేదు. ఇప్పుడు త్రేసియా పోయింది కాబట్టి తనే రాయాలి. గ్రంథాలయంలో కంప్యూటర్ ముందు కూర్చుని, తన నెంబరూ పాస్‌వర్డూ కొట్టింది. వెనక మాష్, పౌలోస్ పేపర్లు పట్టుకుని, చదువుతున్నట్టు నిలబడ్డారు. ఫ్యాను గురించి అప్పుడే ఒక గొడవ అయిపోయినట్టుంది.

చక్రం తిరిగింది. ఈసారి నిజంగానే వెతికింది. పాస్‌వర్డ్ తప్పు అంది.

ఆమె మళ్లీ కొట్టింది. తప్పు. కొంచెం ఆలోచించి మరోటి కొట్టింది. అది కాసేపు ఆగి ప్రయత్నించమని చెప్పి, తలుపు మూసేసుకుంది.

"మతిమరుపు నటిస్తావని మీ ఆయన చెప్పాడు" అన్నాడు పౌలోస్. "బాగా నటిస్తున్నావు సుమా."

"నటన కాదు పౌలోసేట్టా, నిజంగానే మర్చిపోయాను" అంది లిస్సీ. మొహం మతాబులా వెలుగుతోంది. "చూశారా, నన్ను కూడా రానివ్వలేదు! ఎంత చక్కటి తాళం!"

ఆ సంతోషంలో పాస్‌వర్డ్ గుర్తు తెచ్చుకునే ప్రయత్నం కూడా మానేసి, పక్కకి జరిగి మాష్‌కి కుర్చీ ఇచ్చింది. ఆయన కళ్లజోడు సవరించుకుని, ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ మొదలుపెట్టాడు. పాస్‌వర్డ్ కొట్టే ముందు వెనక్కి తిరిగి, "పౌలోస్, అటు తిరుగు" అన్నాడు.